వెనక్కి ఎక్కే మెట్లు

"గాలి ఎక్కువగా ఉంటే ఎక్కనని చెప్పెయ్యి. వాళ్ళేమైనా ఉరి తీస్తారా?"

ఆ మాట అన్నది నేనే. అప్పటికింకా ఏమీ జరగలేదు. గాలి కూడా లేదు. వానలు వెళ్ళిపోయి రెండు వారాలైంది, ఆకాశం తోమిపెట్టిన పళ్ళెంలా ఉంది. మా అమ్మాయి గడప దగ్గర వంగి చెప్పుల పట్టీ బిగించుకుంటోంది. ఆకు కదలడం లేదు కదమ్మా అంది. కింద కదలకపోతే పైన కదలదని ఏముంది అన్నాను. పైన కదిలితే పైకెళ్ళాక చూసుకుంటాలే అని నవ్వి, జాకెట్టుకి పెట్టుకున్న ఇత్తడి బిళ్ళని కొంగుతో ఒకసారి తుడుచుకుని వెళ్ళిపోయింది. దాని మీద ఏడు అని అంకె ఉంది.

మాది పాత ఊరు. కోట ఉంది, కోటలో ఎత్తైన బురుజు ఉంది, బురుజు చుట్టూ ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు ఉన్నాయి. చలికాలం నాలుగు నెలలూ ఎక్కడెక్కడి జనమో వచ్చి వాటిని చూసి, సందుల్లో నిలబడి తిని, చేతులు తుడుచుకుని వెళ్తారు. మిగిలిన ఎనిమిది నెలలూ మేమూ, పావురాలూ. మా మేడ మీద రెండు గదులు ఆ వచ్చేవాళ్ళ కోసమే ఉంచాం. మా ఆయన కోటలో తాపీపని చేస్తాడు. ఊడిన రాయి పెట్టడం, రాలిన సున్నం మళ్ళీ పట్టించడం. ముప్ఫై ఏళ్ళుగా అదే గోడ. ఈ పక్క పూర్తయ్యేసరికి ఆ పక్క రాలడం మొదలవుతుంది, అందుకే ఆయనకి పని పోయే భయం లేదు. నాకుండే భయాలు వేరు.

ఏడో తరగతి దాకా చదివాను. అంత చదువుకే ఇంత ఊహ ఉంటే ఇంకా చదివుంటే ఏమైపోయేదానివో అంటాడు మా ఆయన. ఆయన పని నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే, ఎవరెవరికి కబురు పెట్టాలో మనసులో వరస వేసుకునేదాన్ని. తలుపు చప్పుడైతే ఆ వరసంతా చెరిపేసి కోపంగా మంచినీళ్ళు ఇచ్చేదాన్ని. "మీ అమ్మ నన్ను ఇప్పటికి నాలుగు వందల సార్లు చంపింది. ప్రతిసారీ బాగానే ఏడ్చింది" అని కూతురికి చెప్పేవాడు. ఆ పిల్ల పడీపడీ నవ్వేది. నాకు ఆ పడీపడీ అన్న మాట కూడా నచ్చేది కాదు.

ఇరవై రెండేళ్ళ పిల్ల. మేడ మీద గదుల్లో దిగినవాళ్ళకి కోట గురించి చెప్పీ చెప్పీ, చెప్పడమే పనిగా పెట్టుకుంటానంది. పరీక్ష రాసింది, ఆ చలికాలానికి బిళ్ళ వచ్చింది. కోట చూపించేవాళ్ళు మొత్తం పన్నెండు మంది. ఎనిమిది మంది కింద తిప్పుతారు. నలుగురు మాత్రం బురుజు పైకి తీసుకెళ్తారు. ఆ నలుగురిలో దీన్ని వేశారు. కింద ఉంటే సరిపోదా, కింద మాత్రం కోట కాదా అని నేను వారం రోజులు అన్నాను.

బురుజుకి రెండు వందల పన్నెండు మెట్లు. నడుమ ఏడు చోట్ల ఆగడానికి కాస్త చదును ఉంటుంది, వాటిని మజిలీలు అంటారు. మజిలీకో కథ చెప్పాలి. రాజు కథ, రాణి అలిగిన కథ, రాయి మోసిన ఏనుగు కథ. జనం అది చరిత్ర అనుకుంటారు. కాదట, ఊపిరి తీసుకోవడానికట. కథ ఎంతసేపు చెప్పాలన్నది ఎదుటివాళ్ళ ఆయాసాన్ని బట్టి ఉంటుందని మా అమ్మాయి చెప్పింది. ముసలివాళ్ళుంటే ఏనుగు రెండు రాళ్ళు మోస్తుంది, కుర్రవాళ్ళుంటే ఒకటే. కథ మొదలుపెట్టే ముందు వేళ్ళతో ఒక చిటిక వేస్తుంది, చెదిరిన జనం ఇటు తిరుగుతారు. అందుకని అక్కడ అందరూ మా పిల్లని చిటిక అని పిలిచేవారు.

వానాకాలమంతా ఆ కథలు మా వంటగదిలోనే సాధన చేసింది. నేను కూర తరుగుతూ వినేదాన్ని. రాణి గుడ్డి వెలుతురులో మెట్లు దిగి వస్తోంది అనగానే, దీపం పట్టుకోకుండానా అని అడిగేదాన్ని. మా ఆయన, ఆ రాయి తెల్లరాయి కాదు, నేను పూసిన సున్నం అని సరిదిద్దేవాడు. రాణి ఎప్పటికీ కింద దాకా వచ్చేది కాదు మా ఇంట్లో.

ఐదో మజిలీ దాకా మెట్లు గోడల మధ్య ఉంటాయి. ఐదుకీ ఆరుకీ మధ్య ముప్ఫై మెట్లు మాత్రం బురుజు బయట. ఒక పక్క గోడ, ఒక పక్క మోకాలెత్తు పిట్టగోడ, ఆ తర్వాత ఏమీ లేదు. నేను ఆ మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో కింద నుంచి చూసి, చూశానుగా అన్నాను.

మొదటి నెల బాగా జరిగింది. అంటే ఏమీ జరగలేదు, నా లెక్కలో రెండూ ఒకటే. మా పై గదిలో ఒక టీచరమ్మ దిగింది. ఉద్యోగం అయిపోయాక ఊళ్ళు చూడ్డానికి బయల్దేరింది, మోకాళ్ళు మాత్రం ఇంటి దగ్గరే ఉండిపోయాయి అని తనే నవ్వేది. మా అమ్మాయి ఆవిడని వెంటబెట్టుకుని పొద్దున కోటకీ, సాయంత్రం సందుల్లోకీ తీసుకెళ్ళింది. ఏ బండి దగ్గర ఏ వేళకి నూనె కొత్తగా పోస్తారో, రొట్టె ఏ పొయ్యి దగ్గర పొంగుతుందో, వేడి పాలు ఎవరు నీళ్ళు కలపకుండా ఇస్తారో ఆ పిల్లకి అరచేతిలో గీతల్లా తెలుసు. మళ్ళీ ఎప్పుడు రమ్మంటావని ఆవిడ అడిగితే, మూడుసార్లు రండి అందట. వానల్లో కోట నల్లగా ఉంటుంది, చలికాలం తేనె రంగు, ఎండాకాలం ఎముక తెలుపు, మూడూ చూస్తేగాని చూసినట్టు కాదు అందట. నేను ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడుంటున్నాను, కోటకి రంగు మారుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

మూడో రోజు భోజనం దగ్గర టీచరమ్మ నాతో అంది. మూడో మజిలీలో నాకు మోకాళ్ళు పట్టేశాయమ్మా, నన్ను అక్కడే కూర్చోబెట్టి మిగిలిన నాలుగు కథలూ చెప్పింది, పైనుంచి నది ఎలా వంపు తిరుగుతుందో నేల మీద గీసి చూపించింది, ఎక్కకుండానే పైకెళ్ళి వచ్చాను అని. చెబుతుంటే ఆవిడ కళ్ళు తడిశాయి. నేనేమన్నానో తెలుసా? అయితే మూడో మజిలీ దాకా వెళ్తే చాలన్నమాట అన్నాను. మా అమ్మాయి తల వంచుకుని అన్నం కలుపుకుంది. టీచరమ్మ నన్ను ఒకలా చూసింది. ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తుంది, అప్పుడు పట్టలేదు.

రెండో నెల నడుమ ఒక పొద్దున మంచు ముసురుకుంది. పిల్ల శాలువా మర్చిపోయింది. జలుబు చేస్తే జ్వరం, జ్వరమొస్తే నీరసం, నీరసంతో ఆ మెట్లు. గబగబా శాలువా మడిచి చేతిలో పెట్టుకుని కోటకి వెళ్ళాను. లోపలి ఆవరణలోకి వచ్చేసరికి మంచు తొలగి బురుజు మీద ఎండ పడింది. తల ఎత్తి చూశాను.

ఐదో మజిలీ దాటి బయటి మెట్ల మీద పది పన్నెండు మంది చీమల్లా కదులుతున్నారు. అందరికంటే పైన మా అమ్మాయి. ముందుకి తిరిగి లేదు. జనం వైపు ముఖం పెట్టి, వీపు పైకి పెట్టి, ఏదో చెబుతూ, చెయ్యి ఊపుతూ, ఒక్కొక్క మెట్టూ వెనక్కి ఎక్కుతోంది. వెనక ఏముందో చూడటం లేదు. పక్కన మోకాలెత్తు పిట్టగోడ. నవ్వుతోంది కూడా, భుజాలు కదలడం నాకు కనిపించింది.

పిలవకూడదు, పిలిస్తే ఉలిక్కిపడుతుంది. ఆ ముప్ఫై మెట్లూ అది ఎక్కేదాకా ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఆ కాసేపట్లో అది నా కళ్ళ ముందు ఎన్నిసార్లు పడిందో చెప్పలేను.

ఆవరణకి ఆ పక్కనే ఆఫీసు. అక్కడ రిజిస్టరు రాసే ఆయన ఉంటాడు, ఎవర్ని ఎక్కడ వెయ్యాలన్నది ఆయన చేతిలో ఉంటుంది. పిల్లని కింద తిప్పే వాళ్ళలో వెయ్యమని బతిమాలదామనుకున్నాను. అంతే అనుకున్నాను, ఒట్టు.

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాగితాలు సర్దుతున్నాడు. కూర్చోమన్నాడు. శాలువా పక్క కుర్చీలో పెట్టాను. నా వాలకం చూసి మంచినీళ్ళు ఇచ్చి, ఏమైందమ్మా అని అడిగాడు.

"మా అమ్మాయి పడిపోతుందండీ" అన్నాను.

ఆయన చేతిలో కాగితాలు కింద పెట్టాడు. "పడిపోతుందా? ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచీ నాకదే బెంగ."

"డాక్టరుకి చూపించారా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన వింటున్నది నా భయం కాదు. పిల్లకేదో జబ్బుందని, నిలబడ్డ చోట పడిపోతూ ఉంటుందని వింటున్నాడు. కళ్ళద్దాలు దించుకుని కలం తీశాడు. ఆయన వెనక కిటికీలోంచి బురుజు కనిపిస్తోంది. ఇంకో జట్టు కింద మొదటి మెట్టు దగ్గర గుమిగూడుతోంది.

"లేదండీ, చూపించలేదు" అన్నాను. నిజమే కదా, చూపించలేదు.

ఎన్నిసార్లు పడింది అని అడిగాడు. లెక్కలేదండీ అన్నాను. నా కళ్ళ ముందు పడినవి లెక్కలేదు, అదీ నిజమే. ఆ రోజు నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. చాలా రోజులు ఆ మాటనే పట్టుకుని వేలాడాను.

ఆయన రాసుకున్నాడు. ముందే చెప్పి మంచి పని చేశారమ్మా, పిల్లనే కాదు పదిమందిని కాపాడారు అన్నాడు. మీరు చెప్పినట్టు బయటికి రానివ్వను అన్నాడు. కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. బయటికొచ్చాక బజారులో ఆగి కొత్తిమీర కూడా కొన్నాను. అంత తేలిగ్గా ఉంది మనసు.

మధ్యాహ్నం రెండింటికి వచ్చింది పిల్ల. ఎప్పుడూ పొద్దుగూకాక వచ్చేది. గడప దగ్గరే చూశాను, జాకెట్టు మీద బిళ్ళ లేదు. బిళ్ళ గుచ్చిన చోట రెండు చిన్న చిల్లులున్నాయి. భుజాల మీద శాలువా ఉంది.

శాలువా ఆఫీసు కుర్చీలో మర్చిపోయానని నాకు అప్పుడు తెలిసింది. బిళ్ళ వెనక్కి ఇవ్వడానికి పిలిస్తే వెళ్ళి, ఆ కుర్చీలో తన శాలువా చూసుకుంది. ఆయన నా పేరు చెప్పలేదు, మాట నిలబెట్టుకున్నాడు.

అది శాలువా తీసింది. నాలుగు మడతలు పెట్టింది. మంచం మీద, నేను కూర్చునే వైపు పెట్టింది.

"చలిగా ఉందని తెచ్చావా?"

"అవునే" అన్నాను.

"మంచిదే" అంది.

తర్వాత డెబ్బై రోజులకి పైగా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మా ఆయన సాయంత్రం వచ్చి, కోటలో విన్నదేదో విన్నట్టున్నాడు, కాళ్ళు కడుక్కోకుండానే వంటగదిలోకి వచ్చాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. గొంతు పెంచలేదు.

"జబ్బని చెప్పావా?"

"నేను చెప్పలేదండీ. ఆయనే అనుకున్నాడు."

"కాదని చెప్పావా?"

పాలు పొంగుతున్నాయని అటు తిరిగాను. పాలు పొంగడం లేదు. ఆయన వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

మర్నాడు తండ్రీ కూతురూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఏ జబ్బూ లేదని డాక్టరు రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్తే, డాక్టరు చూసింది పావుగంట, ఇరవై రెండేళ్ళు చూసినవాళ్ళ మాట ఇక్కడుంది, నేను ఏది నమ్మాలి చెప్పండి అన్నాడట రిజిస్టరు ఆయన. మా ఆయన నా వైపు చూడకుండా ఈ సంగతి చెప్పాడు. నేను వెళ్ళి చెప్పొచ్చు. కోట పది నిమిషాల దూరం. రేపు వెళ్తానని రోజూ అనుకున్నాను. వెళ్ళి చెప్పాననుకో, ఆ మెట్లు మళ్ళీ మొదలు. రోజూ ఆ ఆలోచన దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయేవి.

కోట గుమ్మం దగ్గర సామాన్ల గది ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు సంచులు అక్కడ ఇచ్చి చీటీ తీసుకుంటారు. ఇష్టముంటే పిల్లని అందులో కూర్చోమన్నారట. వద్దంటుందనుకున్నాం. కూర్చుంది.

నేను కోరుకున్నదే జరిగింది. నేల మీద, నాలుగు గోడల మధ్య, కుర్చీలో. పడ్డానికి చోటే లేదు. అయినా నాకు ముద్ద దిగేది కాదు.

ఇంట్లో అది తలుపులు విసరలేదు, కంచం తోసెయ్యలేదు. అలా చేసినా బాగుండేది. వేళకి లేచేది, పై గదుల దుప్పట్లు ఉతికేది, తండ్రితో మామూలుగా మాట్లాడేది. దిగినవాళ్ళు అడిగితే దారి చెప్పేది. నేను ఏమన్నా వినేది, చెప్పిన పని చేసేది. మాట మాత్రం లేదు. నా నోరేమో ఊరుకునేది కాదు. ఉప్పు సరిపోయిందా? తలనొప్పి తగ్గిందా? రేపు తలంటుకుంటావా? నా ప్రశ్నలన్నీ గోడకి కొట్టిన బంతుల్లా నా దగ్గరికే వచ్చేవి. ఒక వారం తిట్టి చూశాను. కన్నతల్లిని, శత్రువునా అన్నాను. ఒక వారం ఏడ్చి చూశాను. తర్వాత అడగడానికి ప్రశ్నలే అయిపోయాయి.

ఒకరోజు ఉండబట్టలేక సామాన్ల గది చూడ్డానికి వెళ్ళాను. స్తంభం పక్కన నిలబడ్డాను, అది నన్ను చూడలేదు. పగలే చీకటి ఆ గదిలో. ఇనప జాలీ వెనక కూర్చుని సంచి తీసుకుంటోంది, చీటీ ఇస్తోంది. దాని ముందు నుంచే జట్లు లోపలికి వెళ్తున్నాయి. బురుజుకి దాని బదులు వేసిన కొత్తతను గుమ్మం దగ్గర నిలబడి, ఎక్కే ముందు కథలు గడగడా అప్పజెప్పుకుంటున్నాడు. అతను ఏనుగు కథ దగ్గర ఆగి వెతుక్కుంటుంటే, జాలీ వెనక మా పిల్ల పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. అతనికి గుర్తొచ్చింది, ముందుకి వెళ్ళాడు.

ఒక పెద్దాయన సంచి ఇస్తూ, ఎన్ని మెట్లుంటాయమ్మా పైకి అని అడిగాడు. రెండు వందల పన్నెండు అంది. ఆయన ఇంకేదైనా చెబుతుందేమోనని కాసేపు నిలబడ్డాడు. అది పక్కవాళ్ళ సంచి అందుకుంది.

ఇంటికొచ్చి దుప్పట్లు మడత పెడుతూ కూర్చున్నాను. ఎంతసేపు మడత పెట్టానో, అదే దుప్పటి విప్పి మళ్ళీ మడత పెట్టాను.

నాలుగో నెల చివరికి ఎండ చురుక్కుమనడం మొదలైంది. జనం పల్చబడ్డారు. పై గదులు ఖాళీ అయ్యాయి. ఒక పొద్దున మా ఆయన తాపీ, తట్ట తీసుకుని బయల్దేరుతుంటే, నన్ను బురుజు ఎక్కించండి అన్నాను. ఆయన తట్ట కింద పెట్టి నా ముఖం చూశాడు. ఒంట్లో బాగానే ఉందా అన్నాడు. నవ్వుదామనే అన్నాడు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఎక్కాను. ప్రతి మజిలీలోనూ కూర్చున్నాను. ఆయనకి కథలు రావు. ఇక్కడ ఫలానా ఏడాది సున్నం పట్టించాను, ఇక్కడ రాయి మార్చాను, అవే ఆయన కథలు. ఐదో మజిలీ దాటగానే వెలుతురు ముఖాన కొట్టింది. ఒక పక్క గోడ పట్టుకున్నాను. రెండు మెట్లు ఎక్కి ఇంక నావల్ల కాదన్నాను.

అప్పుడు ఆయన నాకు పైన, రెండు మెట్ల అవతల నిలబడి, నా వైపు తిరిగాడు. వెనక్కి ఒక మెట్టు ఎక్కాడు. ఏవండీ, ముందుకి తిరిగి ఎక్కండి అన్నాను.

"అటు తిరిగి ఎక్కితే నీ కాళ్ళు ఎవరు చూస్తారే?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన ఇంకో మెట్టు వెనక్కి ఎక్కి, మడమతో రాతిని తాకి చూపించాడు. ఈ మెట్లన్నీ ఒకటే ఎత్తు, మడమకి తెలిసిపోతుంది, కళ్ళక్కర్లేదు అన్నాడు. పైకి తీసుకెళ్ళేవాళ్ళు తమ దారి చూసుకోరట. వెంట వచ్చేవాళ్ళ కాళ్ళు చూస్తారట. ఎవరికి వణుకుతోంది, ఎవరు అంచుకి జరుగుతున్నారు, ఎవరిని మాటల్లో పెట్టాలి, అదంతా ఎదురుగా చూస్తేనే తెలుస్తుందట. వానాకాలంలో రెండు నెలలు పిల్లకి ఆయనే నేర్పించాడు. నాకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో వాళ్ళిద్దరికీ తెలుసు.

"మొదటి నెల్లో ఒక లావుపాటాయన ఇదిగో ఈ మెట్టు మీద జారాడు. గోడ వైపు కాదు, అటు. మన పిల్ల ఎదురుగా ఉంది కాబట్టి చొక్కా పట్టుకుని గోడకేసి లాగింది. ముందుకి తిరిగి ఉంటే ఆయన అరిచేదాకా ఎవరికీ తెలిసేది కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే బిళ్ళ ఆ రోజే పోయేది" అన్నాడు. ఎత్తిపొడవలేదు. ఉన్న మాట అన్నాడు.

ఆ ముప్ఫై మెట్లూ ఆయన నా కాళ్ళు చూస్తూ వెనక్కి ఎక్కాడు, నేను ఆయన ముఖం చూస్తూ ఎక్కాను. పైన నది ఎలా వంపు తిరిగిందో చూశాను. అందంగానే ఉంది. ఎక్కువసేపు చూడలేకపోయాను. దిగి వస్తుంటే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

దిగీ దిగగానే ఆఫీసుకి వెళ్ళాను. మా ఆయన్ని బయటే ఉండమన్నాను. రిజిస్టరు ఆయనకి జరిగింది జరిగినట్టు చెప్పాను. పిల్లకి ఏ జబ్బూ లేదండీ, పడుతుందేమోనని నా భయం, మీరు జబ్బనుకుంటున్నారని తెలిసి ఊరుకున్నాను అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను నా చేత్తో రాశానమ్మా ఆ మాట అన్నాడు. ఆ రోజు నన్ను మెచ్చుకున్నందుకు సిగ్గుపడుతున్నట్టున్నాడు.

రిజిస్టరులో పడ్డది కొట్టెయ్యడం కుదరదట. నేను ఇంకో కాగితం రాసిస్తే దాని పక్కన అంటిస్తాడట. అయినా ఈ చలికాలం అయిపోయింది, ఏడో నంబరు బిళ్ళ ఇంకొకరికి ఇచ్చేశాం, బిళ్ళలు పన్నెండే, వానలు వెళ్ళాక ఖాళీ వస్తే చూద్దాం, మాట మాత్రం ఇవ్వలేను అన్నాడు. ఆ మాట నాకు తగిలింది. నేను ఒక్కసారి నోరు మెదపనందుకు పోయింది ఒక్క చలికాలం కాదన్నమాట.

ఇంటికొచ్చి కాగితం, కలం ముందేసుకుని కూర్చున్నాను. నా చేత రాతపని చేయించుకున్నవాళ్ళు ఎవరూ లేరు. చాకలి పద్దు తప్ప రాసి ఎరగను. మొదటిది చించేశాను, అందులో అంతా నా ఏడుపే ఉంది. రెండోదాంట్లో రిజిస్టరు ఆయన తొందరపడ్డాడని రాశాను, అదీ చించేశాను. మూడోది నాలుగే వాక్యాలు. నేను ఫలానా అమ్మాయి తల్లిని. నా కూతురికి పడిపోయే జబ్బు ఏదీ లేదు, ఎప్పుడూ లేదు. ఆ రోజు మీరు తప్పుగా అర్థం చేసుకుంటున్నారని తెలిసి కూడా భయంతో కాదని చెప్పలేదు. తప్పు నాది, శిక్ష నా కూతురికి వెయ్యవద్దు.

పొద్దుగూకే వేళకి పిల్ల వచ్చింది. కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వంటగదిలోకి వచ్చింది. మా ఆయన గుమ్మం దగ్గర కూర్చుని తాపీకి పట్టిన సున్నం గీకుతున్నాడు. కాగితం దాని ముందు పెట్టాను.

"తప్పులుంటాయి. చూసిపెట్టు" అన్నాను.

వంకరటింకర అక్షరాలు. అది నిలబడే చదివింది. చివరికి వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళింది. తర్వాత పీట లాక్కుని కూర్చుని మూడోసారి చదివింది. బయట గీకుతున్న చప్పుడు ఆగిపోయింది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగానికి వచ్చింది. నేను బియ్యం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను, వేస్తే చప్పుడవుతుందని. క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే అది కూడా ఇంకో ప్రశ్న అవుతుంది. ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో, ఆ డెబ్బై రోజులూ అది ఎలా ఊరుకుందో అప్పుడు తెలిసింది.

అది చెయ్యి చాచింది. కలం ఇచ్చాను. మూడో వాక్యం దగ్గర కలం ఆనించింది కానీ రాయలేదు. కాగితం నా వైపు తిప్పి, కలం కూడా నా వైపు జరిపింది.

"అక్షరాలు బాగానే ఉన్నాయమ్మా. ఒక్క మాటే తప్పు. 'భయంతో' అని ఉన్న చోట 'నా కూతుర్ని నమ్మక' అని రాయి."